పైపళ్లున్న ఎద్దుతో ఎత్తిపోతలకు

ఇది ఒక మహాయుద్ధం కథ. పల్నాటి గడ్డ మీద, చంద్రవంక ఒడ్డున, జలపాతం హోరు మధ్య, తెల్ల తోడేలూ ఒంగోలు ఎద్దూ ఎదురెదురుగా నిలబడ్డాయి. చుట్టూ మూగిన జనం ఊపిరి బిగబట్టారు. ఎద్దు నేల దువ్వింది. తోడేలు కదల్లేదు.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే తోడేలు లోపల హైదరాబాదు సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఉన్నాడు. ఎద్దు లోపల మా బాబాయి కూతురు ఉంది. ఊపిరి బిగబట్టిన జనంలో సగంమంది వేయించిన చేప తింటూ గొంతులో ముల్లు దిగకుండా చూసుకుంటున్నారు. యుద్ధం మొత్తం నాలుగు సెకన్లు. మిగతా మూడు రోజులూ బస్సుల్లోనూ బంధువుల ఇళ్లలోనూ గడిచింది. కాబట్టి ఇది వీరగాథ కాదు, బస్సు ప్రయాణం. వీరగాథ అనుకుని మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

నరసరావుపేట

ముందు ఎద్దు సంగతి. మా హారిక పేటలో జాకెట్లకు మగ్గం వర్కు చేస్తుంది. నాకన్నా నాలుగేళ్లు చిన్నది. చేతిలో సూది ఉన్నంతసేపు దానికి నోటితో పనిలేదు. కొట్టుకొచ్చిన ఆడవాళ్లు అరగంట మాట్లాడితే ఇది రెండు ముక్కలంటుంది. "ఎప్పటికి కావాలండీ", "అప్పటికి కాదండీ". అంతే.

ఇలాంటి మనిషి ఫర్రీ అయింది. ఫర్రీలంటే ఎవరో తెలియనివాళ్లకు చెప్తాను. ఒక జంతువును తనదిగా ఎంచుకుని, దానికి పేరు పెట్టి, బొమ్మ గీయించుకుని, వీలైతే ఆ జంతువు వేషం ఒంటికి సరిపడా కుట్టించుకుని, తనలాంటి వాళ్లను కలుసుకునే మనుషులు. మనకు పులివేషం తెలుసు కదా. ఇక్కడ డప్పు ఉండదు, బదులుగా తలలో చిన్న ఫ్యాను ఉంటుంది. ఆ వేషాన్ని ఫర్‌సూట్ అంటారు.

నలుగురు కలిసిన ప్రతిచోటా ముందెవరు వెనకెవరు అనే లెక్క ఉంటుంది. వీళ్ల లెక్క మనకన్నా సులువు, చూడగానే తెలిసిపోతుంది. తల నుంచి గిట్టల దాకా పూర్తి సూటున్నవాళ్లు పైవాళ్లు. తల, చేతులు, తోక ఉన్నవాళ్లు మధ్యవాళ్లు. తోక ఒక్కటే ఉంటే ఇంకా కింద. మెడలో బొమ్మ కార్డు మాత్రమే వేలాడేవాళ్లు నీళ్ల సీసాలు మోస్తారు. పూర్తి సూటున్నవాళ్లలో కూడా, విదేశంలో పేరున్నవాళ్లతో చేయించుకున్నవాళ్ల నడక వేరు, ఇంట్లో కుట్టుకున్నవాళ్ల నడక వేరు.

హారిక ఇంట్లో కుట్టుకుంది. ఎనిమిది నెలలు పట్టింది. సోఫాలు బాగుచేసే ఆయన దగ్గర ఫోమ్ తెచ్చి తల చెక్కింది. తెల్ల బొచ్చు గుడ్డ తెప్పించి ఒళ్లు కుట్టింది. కళ్ల దగ్గర దోమతెర గుడ్డకు రంగు వేసి, అందులోంచి చూసేలా పెట్టింది. మూపురంలో దిండు దూది కూరింది. అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది పళ్ల మీద. నోరు కొంచెం తెరిచి ఉంటుంది. కింద ఎనిమిది, పైన ఎనిమిది, ఒక్కొక్కటీ రెసిన్ పోసి, గోళ్లు రాసుకునే ఆకురాయితో నునుపు చేసింది.

ఆ నోటి ఫొటో హైదరాబాదు ఫర్రీల ఫోన్ గ్రూపులో పెడితే నలభై హృదయాలు వచ్చాయి. గ్రూపుకి పెద్ద ఒకాయన ఉన్నాడు. తెల్ల తోడేలు సూటు ఆయనది. పేరు బ్లిజార్డ్. విదేశంలో చేయించింది. ఆ ఖరీదుకు మా వైపు సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు వస్తుంది. ఆయన మాత్రం హృదయం పెట్టలేదు. వచ్చిన నలభై హారికకు చాలలేదు. రాని ఒక్కటి రోజూ గుర్తే.

నవంబరులో ఆ గ్రూపు ఎత్తిపోతల జలపాతం దగ్గర ఫొటోలు దిగడానికి వస్తోందని తెలిసి, ఇది కూడా సూటుతో వస్తానంది. ముందు వరసలో పూర్తి సూట్లు నిలబడతాయి. నాకూ చోటుంటుందా అని అడిగింది. "చూసి చెప్తాం" అన్నారు. అంటే ముందు వరసో, నీళ్ల సీసానో అక్కడికి వెళ్తేగానీ తేలదు. పెళ్లిచూపులకు కూడా ఇది ఇంత వణకలేదు. అప్పుడు కనీసం వద్దనే అవకాశం దీనికి కూడా ఉంది.

ఒక్కదాన్నే పంపనన్నారు బాబాయి. నన్ను తోడిచ్చారు. సూటు వేసుకున్నవాళ్లకు సరిగ్గా కనపడదు, వినపడదు, వేడికి కళ్లు తిరుగుతాయి. పక్కనుండి నడిపించే మనిషిని హ్యాండ్లర్ అంటారు. ఆ ఉద్యోగం నాది. జీతం లేదు.

తల నలగకూడదు కాబట్టి మా స్టీలు సామాన్ల కొట్టులోంచి పెద్ద డ్రమ్ము ఒకటి తెచ్చి, కొమ్ములు ఊడదీసి, తలని అందులో పెట్టి మూత బిగించాం. బస్సెక్కగానే కండక్టరు డ్రమ్ము మీద చెయ్యేశాడు.

"ఏందమ్మా ఇది, బిర్యానీనా?"

"తల" అంది హారిక.

ఆయన టికెట్లు కొట్టడం ఆపేశాడు. నేను గబగబా మూత తీసి చూపించాను. అదొక తప్పు. డ్రమ్ము లోపలి నుంచి రెండు పెద్ద కళ్లు ఆయన్నే చూశాయి. ఆయన అటు జరిగితే అటే చూశాయి. వెనక సీటులో ఒకామె దేవుడి పేరు గట్టిగా తలుచుకుంది. కండక్టరు కాసేపటికి తేరుకుని వంగి చూసి, ముఖం చిట్లించాడు.

"ఎద్దేనా?"

"ఎద్దే."

"మరి పైన పళ్లేంది దీనికి?"

"ఎందుకుండకూడదు?" అన్నాను.

"మాది బొల్లాపల్లమ్మా. ఇంట్లో నాలుగెడ్లుండేయి. ఎద్దుకి ముందర పైపళ్లు ఉండవు. ఒట్టి చిగురే."

మా తాత పొలం అమ్మి పేటలో స్టీలు కొట్టు పెట్టాడు. అప్పటినుంచి మా ఇంట్లో పశువుల జ్ఞానం పాల ప్యాకెట్టు దగ్గర ఆగిపోయింది. హారిక నా వైపు చూసింది. నేను కిటికీలోంచి మిరప చేలు చూశాను. అది ఫోను తీసి నలభై హృదయాలు ఇంకోసారి లెక్కపెట్టుకుంది.

గురజాల

పిడుగురాళ్ల బస్టాండులో సున్నపు దుమ్ముతో కలిపి పునుగులు తిని, బస్సు మారి, మధ్యాహ్నానికి గురజాల మేనత్త ఇంటికి చేరాం. అత్తయ్య నాటుకోడి కూర, జొన్నరొట్టె, పండుమిరప పచ్చడి పెట్టింది. పేటలో మేం కారం తింటామని ఒక నమ్మకంతో బతుకుతున్నాం. గురజాలలో మొదటి ముద్దకే ఆ నమ్మకం పోతుంది. హారిక కళ్లలో నీళ్లు చూసి అత్తయ్య, "ఏమే, అంత దిగులేందే? ఆ ఫొటో గాళ్లు కాదంటే కాదన్నారు!" అంది. దిగులు కాదు పచ్చడి అని చెప్పే స్థితిలో అది లేదు.

మామయ్యది వ్యవసాయం, దానికి మించి ఎడ్లు. బండలాగుడు పోటీలకు జత పెంచేవాడు. సింగడు, బసవడు. ఆ జతతో పోయిన ప్రతి ఊళ్లో మైకులో ఆయన పేరు, ఊరి పేరు చదివేవాళ్లు. వేసవిలో సింగడు చనిపోయింది. ఇప్పుడు చావిడిలో బసవడు ఒక్కటే ఉంది.

సూటు సంగతి, ముందు వరస సంగతి నేను చెప్తే మామయ్య నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మొలకు తువ్వాలు బిగించుకుని, చాలా శ్రద్ధగా అడిగాడు.

"అయితే ఒళ్లంతా ఉన్నోడు ముందర. తోకొక్కటే ఉన్నోడు ఎనక."

"అంతే మామయ్యా."

"మా పందేల కాడా అంతేలే. జత ఉన్నోడికి కుర్చీ. జత లేనోడికి గోడ." కొంచెం ఆగి, "మొన్న కారెంపూడి వైపు పోటీలకి పోతే గోడకే ఆనుకున్నా. ఎవురూ పొమ్మనలేదు. రమ్మననూ లేదు" అన్నాడు. "ఏదీ, వేసుకోవే. చూద్దాం."

హారిక లోపలికి వెళ్లి వేసుకుని వచ్చింది. నేను దాన్ని పూర్తి వేషంలో పగటి వెలుతురులో చూడటం అదే మొదలు. మూపురం ఊగుతూ, గంగడోలు వేలాడుతూ, నడుము దగ్గర కొంచెం మగ్గం వర్కు మెరుస్తూ, బాగానే ఉంది. అత్తయ్య దిష్టి తియ్యడానికి ఉప్పు కోసం లోపలికి వెళ్లింది. మామయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"పేరేం పెట్టావు?"

"ఐవరీ" అంది తల లోపలి నుంచి.

"సబ్బుబిళ్ల పేరేందే దానికి? సరే కానీ, పైపళ్లు పీకెయ్యి."

"పీకను మామయ్యా. వాటినే నలభై మంది మెచ్చుకున్నారు."

"ఆ నలభై మందిలో ఎవురికన్నా గొడ్డుందా?"

"ఒకమ్మాయికి పిల్లి ఉందంట" అన్నాను.

మామయ్య నా వైపు చూసిన చూపుకి నేను రొట్టె ఇంకోటి వేయించుకోవడానికి లోపలికి పోయాను.

తిరిగొచ్చేసరికి పాఠం మొదలైంది. "నడక అది కాదు. మనిషి నడుస్తున్నట్టుంది. ముందు తల దించు. మెడతో నడువు, కాళ్లతో కాదు. ఆ, ఇప్పుడు నిలబడి వాసన చూడు. దేన్నన్నా పొడవాలంటే ముందు కాలితో నేల దువ్వాల. బుస కొట్టాల. దూకి, అరచెయ్యంత ఎడంలో ఆగాల. మా సింగడు అట్టా ఆగేవాడు. జనం చెదిరిపోయేవాళ్లు. ఎవుర్నీ పొడవలే ఎప్పుడూ." పొద్దు వాలేదాకా హారిక వాకిలి దువ్వింది. మాట తక్కువ మనిషికి బుస ఇంత బాగా వస్తుందని మాకెవరికీ తెలియదు. మూడోసారి దూకుతున్నప్పుడు పక్కింటి ఆమె పాలగిన్నెతో సహా వెనక్కి పోయింది. మామయ్యకు అప్పుడు తృప్తి కలిగింది.

చివర్లో దాన్ని చెయ్యి పట్టుకుని చావిడిలోకి తీసుకెళ్లి బసవడి పక్కన, సింగడు ఉండే చోట నిలబెట్టాడు. బసవడు మెడ తిప్పి చూసింది. వాసన చూసింది. చెవి నాకడం మొదలుపెట్టింది. మామయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. "తవుడు దుమ్ము" అన్నాడు. చావిడిలో నిజంగానే తవుడు దుమ్ముంది. కాబట్టి దీని మీద నేను తీర్పు చెప్పను. మేమలా చూస్తూ ఉండగా బసవడు చెవిని నాకడం ఆపి నమలడం మొదలుపెట్టింది. లాగి విడిపించేసరికి ఎడమ చెవి చివర జానెడు పోయింది. ఆ సాయంత్రం హారిక పాత దిండు గలేబులోంచి కొత్త చెవి కుట్టింది. ఎనిమిది నెలల పనిలో మొదటి రిపేరు అసలు ఎద్దు చేతిలో జరగడం గౌరవమే అన్నాను. సూది నా వైపు చూపించింది.

దుర్గి

పొద్దున బయల్దేరుతుంటే మామయ్య, "దుర్గిలో సింగడికి రాతి నంది చెక్కిస్తన్నా. ఎంతవరకొచ్చిందో చూసి పోండే. పోయే దారే గదా" అన్నాడు. గురజాల నుంచి ఎత్తిపోతలకు పోయే దారిలో దుర్గి లేదు. మాచర్ల దాకా పోయి, మళ్లీ ఇంకోవైపు తిరగాలి. అన్నం పెట్టినవాళ్ల భూగోళాన్ని ప్రశ్నించకూడదు కాబట్టి సరేనన్నాం.

మాచర్లలో ఉప్మా దోసె తిన్నాం. పేటలో కన్నా పది రూపాయలు తక్కువ, చట్నీ రెండోసారి అడిగితే విసుక్కోరు. అక్కడినుంచి డ్రమ్ముతో సహా ఆటోలో దుర్గి.

ఊళ్లోకి పోతుంటేనే ఉలి చప్పుడు. రోడ్డు పక్కన దేవుళ్లు వరసగా ఎండలో ఉన్నారు, కొందరికి ఇంకా ముఖాలు రాలేదు. మామయ్య చెప్పిన శిల్పి బ్రహ్మయ్య గారు రేకుల పాక కింద కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి, కనుబొమల నిండా రాతి పొడి. నంది దాదాపు అయిపోయింది. ఎడమ కొమ్ము కొంచెం లోపలికి వంగి ఉంది. సింగడిది అలాగే ఉండేదట. మామయ్య ఫోను ఫొటో రెండుసార్లు పంపాడట, మూడుసార్లు ఫోన్ చేశాడట.

"డ్రమ్ములో ఏందమ్మా?" అన్నారాయన.

హారిక తనే మూత తీసింది. నేను ఆశ్చర్యపోయాను. ఆయన తలను రెండు చేతుల్తో బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పారు.

"కన్ను బాగా కుదిరిందమ్మాయ్. ఎటు కదిలినా నన్నే చూస్తంది. లోపలికి గుంట తీసి పెట్టావు గదూ?"

"అవునండీ. నల్లగుడ్డు వెనక్కి ఉంటుంది, రెప్ప ముందుకొస్తుంది. అప్పుడు ఏ పక్కనుంచి చూసినా..."

తర్వాత పావుగంటసేపు హారిక మాట్లాడింది. ఫోమ్ గురించి, గుంట లోతు గురించి, రెప్ప నీడ గురించి. ఆయన రాతిలో ఎంత లోతు తీస్తారో చెప్పారు. కన్ను అన్నిటికన్నా చివర చెక్కుతారట. హారిక మొదట చేసిందట. ఎవరిది మంచిదనే దాని మీద ఇద్దరూ మర్యాదగా వాదించుకున్నారు. దాని గొంతు అంతసేపు నేను ఆఖరిసారి విన్నది పదో తరగతి పద్యాలప్పుడు.

ఆ తర్వాత ఆయన బొటనవేలితో పైపెదవి లేపారు. నేను కళ్లు మూసుకున్నాను.

"పైపళ్లు పెట్టావే!"

"తెలుసండీ" అంది హారిక నీరసంగా.

"మేం నోరు మూసి చెక్కుతామమ్మా. పళ్ల గొడవే ఉండదు. తెరిచి చెక్కి, లెక్క తప్పామనుకో, రైతు ఆడే దించి పోతాడు. దేవుడి విగ్రహంలో తప్పుంటే చూసీ చూడనట్టు పోతారు గానీ, ఎద్దులో తప్పుంటే ఊరుకోరు."

"అక్కడికొచ్చేవాళ్లు రైతులు కాదండీ. వాళ్లకు ఈ పళ్లే నచ్చాయి. ఇవి తీసేస్తే నా దాంట్లో చెప్పుకోవడానికి ఏముంది?"

ఆయన తలను జాగ్రత్తగా డ్రమ్ములో పెట్టి, "కన్నుంది గదా" అన్నారు. టీ తెప్పించారు. కప్పులో సగం టీ, సగం రాతి పొడి. రెండూ తాగాం.

ఎత్తిపోతల

ఆ రాత్రి మాచర్లలో అత్తయ్య చెల్లెలి ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే జలపాతం దగ్గరికి చేరాం. వానలు బాగా పడ్డ ఏడు, నీళ్లు గట్టిగానే దూకుతున్నాయి. వర్ణించమంటే వర్ణిస్తాను గానీ, మీ ఫోన్లో ఆల్రెడీ ఉంటుంది.

హైదరాబాదు వాళ్లు పరదాల వ్యానులో వచ్చారు. ఆరుగురు. బ్లిజార్డ్ తోడేలు, ఒక నక్క, ఈ ఇద్దరికీ పూర్తి సూట్లు. తలా చేతులూ తోకా ఉన్న నీలం డ్రాగన్ ఒకడు. తోకొక్కటే ఉన్న పిల్లి అమ్మాయి. మెడలో కార్డులున్న ఇద్దరు కుర్రాళ్లు, చేతి నిండా నీళ్ల సీసాలతో. నేను చెప్పిన లెక్క తప్పలేదు. తలలు తియ్యాలంటే వ్యాను లోపలే తియ్యాలి, జనానికి లోపలి మనిషి కనపడకూడదు. తల పెట్టుకున్నాక మాట్లాడకూడదు. మాట్లాడితే అందరికీ చేపల వేపుడు పెట్టించాలి. ఈ నియమాలు పెట్టింది బ్లిజార్డే. ఆయన సూటు వేసుకోక ముందు కూడా అందరితో ఇంగ్లీషులోనే మాట్లాడతాడని, పెద్ద ఊళ్లలో పెరిగాడని పిల్లి అమ్మాయి నాకు గుసగుసగా చెప్పింది.

తోడేలు ఊరికే నిలబడింది. అంతే. ఏం చెయ్యలేదు. టూరిస్టులు దాని పక్కన వరసకట్టి సెల్ఫీలు దిగారు. అంత ఖరీదైన సూటుంటే నిలబడటమే ప్రదర్శన. మామయ్య జత మంచి రోజుల్లో కూడా బండ లాగక తప్పలేదు.

హారిక వ్యాను వెనక సూటు వేసుకుంది. తల పెట్టే ముందు నా చెయ్యి పట్టుకుంది. 

"అక్కా, సీసా ఇస్తే ఏం చెయ్యాలి?"

"తాగు. ఎండగా ఉంది."

నవ్వలేదు. తల పెట్టుకుంది. నేను దాన్ని నడిపించుకుంటూ చేపల బండి దగ్గరున్న ఖాళీ జాగాలోకి తెచ్చాను. మామయ్య చెప్పినట్టే తల దించి, మెడతో నడిచింది. నీలం డ్రాగన్ చప్పట్లు కొట్టాడు. నక్క రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. పిల్లలు వచ్చేశారు. అప్పుడు తోడేలు జనాన్ని తప్పించుకుని నెమ్మదిగా మా వైపు వచ్చింది. గ్రూపంతా ఆగి చూసింది. చూసి చెప్పడం ఇదేనని నాకు అర్థమైంది.

తోడేలు ఎద్దు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. మూపురం తట్టింది. వీపు మీద అరచెయ్యి ఆనించి కిందికి రాసింది. ఆ తర్వాత ఎదురుగా నిలబడి, ఎడమ చేత్తో ముట్టె పట్టుకుని, కుడి బొటనవేలితో పైపెదవి లేపింది. పశువుల సంతలో బేరగాడు లేపినట్టు లేపింది. బెంగళూరులోనో బొంబాయిలోనో నేర్పే పని కాదది.

తల లోపలి నుంచి మాట వినపడింది.

"గిదేంది? ఎద్దుకు మీది పండ్లా?"

జలపాతం హోరులో కూడా అందరికీ వినపడింది. నియమం పెట్టినవాడే నియమం తప్పాడు, అదీ తెలుగులో, అదీ పైపళ్ల గురించే. నీళ్ల సీసాల కుర్రాడొకడు సీసా వదిలేశాడు.

హారిక కదలకుండా నిలబడింది.  ఏడుస్తోందనుకున్నాను. ఆ తర్వాత తల దించి, కుడి గిట్టతో నేల దువ్వింది. బుస కొట్టింది. పిల్లలు కేకలేస్తూ వెనక్కి పోయారు. తోడేలు కదల్లేదు. ఎద్దు దూకింది.

అరచెయ్యంత ఎడంలో ఆగాలి. దోమతెర కళ్లలోంచి ఎడం తెలియదు. "ఆగు" అని అరవాల్సింది హ్యాండ్లర్. హ్యాండ్లర్ అప్పటికి చేపల బండి ఆమె దగ్గర చిల్లర తీసుకుంటోంది. ఈ మొత్తం కథలో తప్పెవరిదని మీకు అనుమానం ఉంటే, నాది.

తోడేలు వెనక్కి, చేపలు కడిగిన నీళ్ల మడుగులో కూలబడింది. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరంత సూటు, నడుము దాకా బురద.  తర్వాత ఇదంతా ఆటలో భాగమనుకుని జనం ఈలలేశారు. చేపల బండి ఆమె ఒక్కతే అసలు సంగతి పట్టించుకుంది.

"ఒసే ఎద్దా! నా బకెట్టు పగిలింది, ఎవురిస్తరే?"

వ్యాను లోపల

పరదాలు వేసి తలలు తీశారు. తోడేలు లోపలి నుంచి సన్నగా, చెమటతో తడిసి, ముక్కు కారుతున్న ఒక మనిషి వచ్చాడు. అసలు పేరు శ్రీకాంత్. హారిక ముఖం పాలిపోయి ఉంది.

"సారీ అండీ. సూటు ఉతికిస్తాను. నేనే ఉతుకుతాను."

"అరె, ఊకో చెల్లె. నేనన్నది తప్పు. తలకాయ పెట్టుకొని మాట్లాడొద్దుండె."

"నువ్వు తెలుగువాడివా?" అన్నాడు నీలం డ్రాగన్.

"హాలియా దగ్గర ఊరు నాది. కృష్ణకు ఆ ఒడ్డు. మా తాత ఎడ్ల బేరగాడు. సంతల నన్ను భుజం మీద కూసుండవెట్టుకొని పండ్లు జూపిస్తుండె. గ్రూపుల ఫొటో జూసినప్పుడే అనుకున్న, మీది పండ్లేందని. అంటే, నీకెట్ల తెలుసని అడుగుతరు. అందుకే సప్పుడు జెయ్యలే."

రాని హృదయం కథ అదన్నమాట. రెండేళ్లుగా తోడేలు తలలోంచి ఒక్క మాట రాకపోవడానికి సగం కారణం నియమం, సగం యాస.

"ఇప్పుడు మాత్రం ఎట్ల ఆపుకుంట?" అన్నాడు. "నడక సూడు, బుస సూడు. అచ్చం ఎద్దు. ఆ పండ్లు సూస్తె మాత్రం మా మామ నవ్వినట్టున్నది."

మొదటి నవ్వు హారికదే. తర్వాత డ్రైవరు దగ్గర కటింగ్ ప్లేయర్ అడిగింది. తల ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క పన్నూ పట్టి తిప్పి లాగింది. ఎనిమిది. ప్రతిదానికీ నన్ను చెయ్యి చాచమంది. ఆఖరిది ఊడాక పైపెదవి దానంతటదే కిందికి జారింది. నోరు సగం మూసుకుంది. అప్పటిదాకా ఏదో అమ్మడానికి వచ్చినట్టున్న ముఖం, మేత తిని నిలబడ్డ ముఖమైంది.  పిల్లి అమ్మాయి మెల్లగా ముట్టె నిమిరింది.

బొల్లాపల్లి కండక్టరు చెప్పాడు, గురజాల మామయ్య చెప్పాడు, దుర్గి శిల్పి చెప్పారు. తోడేలు చెప్తేగానీ మా పిల్లకు ఎక్కలేదు. ఈ మాట దాని ముఖం మీదే అన్నాను. "వాళ్లు పళ్లు చూసి తప్పన్నారక్కా. ఆయన ముందు నడక చూసి ఎద్దన్నాడు" అంది. నేను పళ్లు లెక్కపెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. 

ఫొటోలో హారిక ముందు వరసలో, నడిమధ్యన ఉంది. తోడేలు దాని వెనక నిలబడింది. త్యాగం అనుకుంటే మీ ఇష్టం. నడుము కింద బురద కనపడకుండా ఉండటానికి ఆ చోటు బాగా పనికొస్తుంది. నియమం ప్రకారం శ్రీకాంత్ అందరికీ చేపల వేపుడు పెట్టించాడు, కార్డుల కుర్రాళ్లకు రెండేసి. బకెట్టు కొత్తది నేను కొన్నాను. నీలం రంగుది దొరికింది, ఆమె ఎర్రదే కావాలంది.

తిరుగు

వచ్చేటప్పుడు గురజాలలో దిగాం. మామయ్య కళ్లజోడు పెట్టుకుని ఫోనులో ఫొటో పెద్దది చేసి, నోటి దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఇప్పుడు ఎద్దు" అన్నాడు.

 ఆ రాత్రి హారిక పచ్చడి రెండోసారి వేయించుకుంది, నీళ్లు తాగలేదు.

మామయ్య ఫొటోను ఇంకొంచెం పైకి జరిపాడు. "మధ్యలో నిలబెట్టారు, బాగుంది. కుర్చీ వేసినట్టే లెక్క. మరి ఎనక ఆ తెల్లకుక్క ఎవురిది?"

తోడేలని చెప్పాను. ఖరీదు చెప్పాను. ఆయన ఫోను అత్తయ్యకిచ్చి, కుక్క బలంగానే ఉందని ఒప్పుకున్నాడు. సింగడి నంది వచ్చాక వాకిట్లో నిలబెట్టే రోజు హారిక సూటుతో రావాలని చెప్పాడు. ఐవరీ అనే పేరు మాత్రం మైకులో చదవనన్నాడు.

ఎనిమిది పళ్లు ఇప్పటికీ నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. టికెట్టుకు చిల్లర తీసినప్పుడల్లా ఒకటి చేతికొస్తుంది. పేట బస్టాండులో ఒకసారి కండక్టరుకు రూపాయి బిళ్ల అనుకుని ఇచ్చేశాను కూడా, ఆయన తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

ఇంటికొచ్చాక సూటును చల్లటి నీళ్లలో షాంపూతో ఉతికాం. బొచ్చు గుడ్డను పిండకూడదు, ఎండలో వెయ్యకూడదు, గట్టిపడుతుంది. మేడ మీద నీడలో ఫ్యాను పెట్టి ఆరేస్తే ఒళ్లు ఆరడానికి మూడు రోజులు పట్టింది. మూపురానికి ఐదు.